మేడమీద 1.4

ఆగస్టు నడుస్తున్నా తిరుపతిలో ఎండ మాడ్చేస్తోంది. మేడమీద బిగించిన నా వర్షమాపకం మూడు వారాలుగా సున్నా దాటలేదు. నిన్న సాయంత్రం శేషాచలం కొండల మీద మబ్బు కమ్ముకుంది. మాపకం నుంచి ఫోనులోకి 0.2 మిల్లీమీటర్లు! లోపలి చిన్న గిన్నె ఒక్కసారి ఒరిగితే వచ్చే లెక్క అది. పరుగున వెళ్లి చూస్తే గరాటు పొడిగానే ఉంది. అమ్మ ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరి దాన్ని కుదిపింది, అంతే.

రాత్రి మాత్రం నిజంగానే చినుకులు పడ్డాయి. గిన్నె ఏడుసార్లు ఒరిగింది: 1.4. అంటే చదరపు మీటరుకు లీటరున్నర కూడా కాదు. వాతావరణ శాఖ లెక్కలో 2.5 ఉంటేనే వాన కురిసిన రోజు. అయినా నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు దాకా గరాటులో పావురాల ఈకలు ఏరుతూ ఉండాలి.