మాతృషోడశి: గయలో అమ్మకు పదహారు పిండాలు

జీవతో వాక్యకరణాత్ ప్రత్యబ్దం భూరిభోజనాత్ |
గయాయాం పిండదానాచ్చ త్రిభిః పుత్రస్య పుత్రతా ||

బతికున్నన్నాళ్లూ మాట వినడం, పోయాక ఏటేటా ఆబ్దికం నాడు కడుపునిండా భోజనం పెట్టడం, గయలో పిండం వేయడం: ఈ మూడూ చేస్తేనే కొడుకు కొడుకవుతాడంటుంది శ్లోకం. తాళాల గుత్తి బొడ్లో దోపుకుని ఇంటిల్లిపాదినీ నడిపించిన తల్లి విషయంలో మొదటిదానికి ఢోకా లేదు, ఆవిడే దగ్గరుండి చేయించుకుని ఉంటుంది. మిగిలిన రెండే మన బాధ్యత.

మామూలుగా తల్లి భాగం తండ్రితో కలిపే ఇస్తారు. కానీ 'అన్వష్టకాసు వృద్ధౌ చ గయాయాం చ క్షయేఽహని' అని మొదలయ్యే శ్లోకం నాలుగు సందర్భాల్లో తల్లికి విడిగా శ్రాద్ధం పెట్టమంటుంది: అన్వష్టకలు (కొన్ని మాసాల్లో బహుళ నవమి నాడు చేసేవి), శుభకార్యాల ముందు చేసే నాందీ, గయ, ఆవిడ పోయిన తిథి. గయలో ఇంకో అడుగు ముందుకేసి అమ్మకు మాత్రమే పదహారు పిండాలు పెట్టిస్తారు. అదే మాతృషోడశి.

ప్రతి పిండానికీ ఒక శ్లోకం. రెండో సగం దాదాపు అన్నిటికీ ఒకటే, 'తస్య నిష్క్రమణార్థాయ మాతృపిండం దదామ్యహమ్'. ఆ కష్టం పెట్టిన దోషం తీరడానికి ఈ పిండం ఇస్తున్నానని. మొదటి సగంలో మాత్రం ఒక్కో కష్టం. 'మాసి మాసి కృతం కష్టం వేదనా ప్రసవే తథా' అంటే నెలనెలా మోసిన బరువు, పురిటి నొప్పులు. 'అగ్నినా శోషయేద్దేహం త్రిరాత్రోపోషణేన చ' అంటే మూడు రాత్రుల ఉపవాసం, ఒంటిని ఆరబెట్టే నిప్పుల సెగ. 'పిబేచ్చ కటుద్రవ్యాణి క్వాథాని వివిధాని చ' అంటే బాలింతకు పట్టించే ఘాటు కషాయాలు. మంచం కింద కుంపటి, శొంఠి, పత్యం చూసినవాళ్లకు వీటికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇంకా ముందుకెళ్తే రాత్రుళ్లు బిడ్డ తడిపిన గుడ్డలు, తన నోటి దగ్గరది తీసి పెట్టిన ముద్ద, బిడ్డకు జబ్బు చేసినప్పటి ఏడుపు వస్తాయి.

మనవలు ఎరిగింది ఎదురు చెప్పడానికి ఎవరికీ గుండెల్లేని మామ్మని. ఈ పదహారు శ్లోకాల్లో ఉన్నది ఆవిడ కాదు. ఆ పెత్తనం చేతికి రాకముందు, కాన్పు గదిలో భయపడుతూ పడుకున్న పద్దెనిమిదేళ్ల పిల్ల. ఆ పిల్లని చూసినవాళ్లు ఇంట్లో ఒక్కరూ మిగలని రోజున శ్లోకమే ఆవిణ్ణి చూపిస్తుంది. అందుకే పురోహితుడు గబగబా చదివేసి అయిదు నిమిషాల్లో ముగిస్తుంటే ఊరుకోకండి. ముందురోజే అర్థం చెప్పించుకోండి, ఒక్కో పిండానికీ ఆగమనండి. రద్దీగా ఉండే పితృపక్షంలో కన్నా మిగతా నెలల్లో ఇది సులువు.

ఇక చేసే పద్ధతి. ఒక్క షోడశికే అయితే అరకిలో లోపు యవల (బార్లీ) పిండి చాలు. అందులో నల్లనువ్వులు, కొంచెం బెల్లం, తేనె, నెయ్యి, పాలు. అన్నంతో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఉసిరికాయంత ఉండలు చేయాలి. గయలోని గయాశిరస్సు అనే చోట జమ్మి ఆకంత పిండమైనా సరిపోతుందని శాస్త్రం, కాబట్టి పెద్దవి చేసి ఆకు నింపనక్కర్లేదు. తేనె, నెయ్యి ఎక్కువైతే ఉండ నిలబడదు. పాలు ఒక్కసారే పోసినా అంతే. చేసి ఎండలో వదిలేస్తే యవల పిండి పగుళ్లిస్తుంది, తడిగుడ్డ కప్పి ఉంచండి. అన్నమైతే గోరువెచ్చగా ఉన్నప్పుడే చేత్తో మెదిపి కట్టాలి, చల్లారితే విరిగిపోతుంది. జంధ్యం ఉన్నవాళ్లు దాన్ని కుడి భుజం మీదికి మార్చి ప్రాచీనావీతిగా వేసుకుని, దక్షిణం వైపు తిరిగి, దర్భల మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండం జారవిడవాలి. పదహారూ ముందే చేసి వరుసగా పెట్టుకుంటే లెక్క తప్పదు.

ఎక్కువమంది తడబడేది పేరు దగ్గర. జీవితమంతా 'మామ్మా', 'అమ్మమ్మా' అని పిలిచి, సంకల్పం వేళకి అసలు పేరు తెలియక ఊరికి ఫోన్లు చేస్తారు. ఆధార్‌లో ఒకటి, అత్తవారింట పెట్టింది ఇంకొకటి అయితే మరీ గందరగోళం. అమ్మ, నాన్నమ్మ, ఆవిడ అత్తగారు, అటువైపు అమ్మమ్మ వరసలో ముగ్గురు: ఆరు పేర్లూ కాగితం మీద రాసుకుని రైలెక్కండి. అమ్మది నాన్నగారి గోత్రమే, అమ్మమ్మది తాతగారి గోత్రం. షోడశి కన్నతల్లికే. నాన్నమ్మకి ఆవిడ కొడుకు పెట్టాలి, మనవడి చేతి మీదుగా ఆవిడకి రుద్రరూపంగా (శ్రాద్ధంలో రెండో తరాన్ని అలా భావిస్తారు) మామూలు వరసలో పిండం అందుతుంది.

గయలోని విష్ణుపాదం గుడిని ఇప్పుడున్న రూపంలో 1787లో కట్టించింది ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్. భర్త, కొడుకు పోయాక రాజ్యాన్ని తానే ఏలిన మనిషి. అక్కడి ఫల్గు నది ఒడ్డునే సీతమ్మ దశరథుడికి ఇసుక పిండం పెట్టిందని కథ. ఆడవాళ్లు పిండం పెట్టొచ్చా అని గయలో వాదించేవాళ్లు ఆ కథ దగ్గర్నుంచే మొదలుపెడితే బాగుంటుంది.

చివర అక్షయవటం అనే మర్రిచెట్టు దగ్గర ఒక కాయ, ఒక పండు వదిలేయాలి. చాలామంది ఎలాగూ తినని కాకరకాయని వదిలేసి గట్టెక్కామనుకుంటారు. వదలాల్సింది ఇష్టమైనది. ఆవిడ చేత్తో వండి పెట్టినదాన్నే వదిలితే ఆ కూర ఎదురైన ప్రతిసారీ ఆవిడ గుర్తొస్తుంది.

గయలో పెట్టేశాం, ఇక ఆబ్దికం అక్కర్లేదనే మాట ఊళ్లో వినిపిస్తుంది. అది తప్పు, పై శ్లోకమే రెండిటినీ విడివిడిగా చెప్పింది. ఆవిడ పోయిన తేదీ కాదు, మాసం, పక్షం, తిథి రాసి పెట్టుకోండి. తిథి రెండు రోజులకు పాకితే అపరాహ్ణానికి, అంటే మధ్యాహ్నం దాటిన వేళకి, ఏ రోజు ఉందో చూసి ఆ రోజే పెట్టాలి. పంచాంగంలో అనుమానం వస్తే నెల ముందే పురోహితుణ్ణి అడగండి, శ్రాద్ధ భోజనానికి కూర్చునే భోక్తలు దొరకడానికీ ఆపాటి వ్యవధి కావాలి.