హైవే అనుమతిలో మా వాగు కోసం వెతికాను

6 వరసల కొత్త జాతీయ రహదారి మా పొలాల మీదుగా వస్తోందని తెలిసిన రోజు ఊళ్లో అందరి నోటా ఒకటే మాట, ఎకరానికి ఎంత ఇస్తారని. నా భయం వేరు. మా చెరువుకు నీళ్లు తెచ్చే వాగుకు ఆ రోడ్డు కట్ట అడ్డం పడుతుంది. కట్ట కింద సరిపడా దారి వదలకపోతే ఎగువ పొలాలు మునుగుతాయి, దిగువ చెరువు ఎండుతుంది.

కొత్త జాతీయ రహదారికి 2006 నాటి ఈఐఏ (పర్యావరణంపై పడే ప్రభావం అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ ముందస్తు అనుమతి ఉండాలి. దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ ప్రకటన చూసిన మర్నాడే కలెక్టరేట్‌కు వెళ్లి ఈ రోడ్డు ఈఐఏ రిపోర్టు అడిగాను. తెలుగులో సంక్షిప్త నివేదిక ఉంది, అసలు నివేదిక ఇంగ్లిష్‌లో ఉంది. నాలుగు సార్లు వెళ్లి, అక్కడే కూర్చుని పేజీ పేజీ చూశాను. పెద్ద ఏరు ఉంది, దాని మీద వంతెన ఉంది. మా వాగు పేరే లేదు. ఎండాకాలంలో సర్వేకు వచ్చి ఉంటారు, అప్పుడు అందులో చుక్క నీరు ఉండదు.

సభలో ఎక్కువ మంది నష్టపరిహారం గురించే మాట్లాడారు. వాళ్ల బాధ నాకూ ఉంది, మా అరెకరం కూడా పోయింది. కానీ భూసేకరణ అభ్యంతరాల దారి వేరు. జాతీయ రహదారుల చట్టం కింద, భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఎ ప్రకటన వచ్చాక 21 రోజుల్లోపు రాసివ్వాలి. ఇది తెలియక కొందరు సభలో చెప్పాం కదా అనుకుని ఆ గడువు దాటించుకున్నారు. ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది, ముందే ఇంటింటికీ తిరిగి చెప్పాల్సింది.

నా వంతు వచ్చినప్పుడు గ్రామ నక్ష, వాగు పారే సర్వే నంబర్లు, అంతకుముందు వానల్లో తీసిన ఫొటోలు ఇచ్చాను. రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఆ రోజు అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం చివర్లో వచ్చింది. సభలో వచ్చిన అంశాలన్నీ రాసి, స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాకే సంతకాలు చేయాలని రూల్ ఉంది. అప్పటికి సగం మంది వెళ్లిపోయారు. నేను చెప్పిందంతా ‘నీటి సమస్యలు ఉన్నాయన్నారు’ అనే ఒక్క ముక్కలోకి వచ్చింది. లేచి, ‘సార్, వాగు పేరు, సర్వే నంబరు కూడా రాయించండి’ అన్నాను. రాయించారు. ఆ ఒక్క లైను లేకపోతే తర్వాత నా చేతిలో ఏమీ ఉండేది కాదు.

కొన్ని నెలలకు అనుమతి వచ్చింది. ఇలాంటి అనుమతుల కాగితాలు పెట్టే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్‌లో ఆ లెటర్ దొరికింది. సహజ నీటి ప్రవాహాలకు ఎక్కడా ఆటంకం కలగకూడదు, సభలో లేవనెత్తిన అంశాలపై ఇచ్చిన హామీలు అమలు చేయాలి అని షరతులు. ఆ హామీల పట్టికలో మా వాగుకు బాక్స్ కల్వర్టు, అంటే రోడ్డు కింద నీళ్లు పారడానికి పెట్టెలా కట్టే కాంక్రీటు దారి, అని ఉంది. ప్రింటు తీసి నాన్నకు చదివి వినిపించాను.

పని మొదలయ్యాక చూస్తే, వాగు మీద రెండు సిమెంటు పైపులు వేసి మట్టి పోసేస్తున్నారు. సైటు ఇంజినీరు మాకు డ్రాయింగ్‌లో ఇదే ఉందన్నాడు. ఆ నెలంతా ఒకటే టెన్షన్. వానలకు ఇంకా మూడు నెలలే ఉన్నాయి. షరతుల అమలుపై రోడ్డు వేయిస్తున్న సంస్థ ప్రతి ఏడాది జూన్ 1కి, డిసెంబర్ 1కి రిపోర్టు ఇవ్వాలి. సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి డిసెంబర్ రిపోర్టు, మా చోటి డ్రాయింగ్ అడిగాను. రిపోర్టులో ఆ షరతుకు ఎదురుగా ‘పాటిస్తున్నాం’ అని ఒకే మాట రాసుంది. డ్రాయింగ్‌లో పైపులే ఉన్నాయి.

ఈసారి ఫిర్యాదులో కోపం రాయలేదు. షరతు నంబరు, సభ రికార్డులో పేజీ, హామీల పట్టికలో వరస, డ్రాయింగ్ కాపీ, తేదీ పడిన ఫొటోలు, ఇంతే. ఒకటి కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి, ఒకటి రోడ్డు వేయిస్తున్న సంస్థకు, ఒకటి కలెక్టర్ గారికి పంపాను. సర్పంచ్ గారు పంచాయతీ తీర్మానం జత చేశారు. అధికారులు వచ్చి చూసిన రోజు ఊళ్లో పెద్దాయన ఒకరు వాగు ఎంత ఎత్తున పారుతుందో చెట్టు మీద మరక చూపించారు. నా కాగితాలన్నిటికంటే ఆ మరకే వాళ్లను ఎక్కువసేపు నిలబెట్టింది.

పైపులు తవ్వి తీసేసి బాక్స్ కల్వర్టు కట్టారు. స్లాబు పడిన మూడో వారంలో మొదటి పెద్ద వాన కురిసింది. రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి, ఎర్రనీళ్లు కల్వర్టు అవతలి నుంచి చెరువు వైపు పారడం చూశాను.

అదే లెటర్‌లో కొట్టేసిన చెట్లకు బదులు మొక్కలు నాటాలని, బడి దగ్గర శబ్దం తగ్గించే గోడ కట్టాలని కూడా ఉంది. గోడ పునాది పడింది. మొక్కల సంగతి ఇంకా తేలలేదు, డిసెంబర్ 1 రిపోర్టు కోసం చూస్తున్నాను.