డీజిల్ పడవ మీద ఆధారపడ్డ కరెంటు

మాల్దీవుల్లో ఓ చిన్న దీవి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ చాలావరకు దీవి నుంచి దీవికి కరెంటు లైన్లు ఉండవు. మనుషులుండే దీవులు దాదాపు 190, చాలాచోట్ల ఎవరి పవర్‌హౌస్ వాళ్లదే. డీజిల్ మాత్రం పడవలో రావాలి. సముద్రం పోటెత్తి పడవ ఆలస్యమైతే ఊరంతా టెన్షనే. మా దీవిలో తాగే నీళ్లు సముద్రపు నీటిలో ఉప్పు తీసే ప్లాంటు నుంచి వచ్చేవి మరి, అదీ కరెంటుతోనే నడవాలి.

అందుకే బడి కప్పు మీద సోలార్ ప్యానెళ్లు ఎక్కినప్పుడు నాకు పట్టలేనంత సంతోషం. నేల మీద చోటెక్కడిది? ఉన్న కప్పులే దిక్కు. దగ్గరికెళ్లి చూస్తే ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టులు తొందరగా తుప్పు పట్టేస్తున్నాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. ప్యానెళ్ల మీద ఉప్పు పొర పేరుకుంటుంది, కడుగుతూ ఉండాల్సిందే.

ఆసియా అభివృద్ధి బ్యాంకు 2014లో ఆమోదించిన పాయిజ్డ్ ప్రాజెక్టు దాదాపు 160 దీవుల్లో సోలార్, బ్యాటరీ, డీజిల్ కలిపి నడిపే పద్ధతి తేవాలనుకుంది. పసిఫిక్‌లోని టోకెలావు (దేశం కాదు, న్యూజిలాండ్ కింద ఉండే ప్రాంతం) 2012లోనే కరెంటును దాదాపు పూర్తిగా సోలార్‌కు మార్చుకుంది. కాబట్టి జరగని పనేం కాదు.

నా దిగులల్లా రిపేర్ల గురించే. ఇన్వర్టర్ పాడైతే మనిషి రాజధాని మాలే నుంచి రావాల్సి వచ్చేది. ప్యానెళ్లకు డబ్బిచ్చేవాళ్లు దీవి పిల్లలకు ఈ పని నేర్పడానికీ ఇవ్వాలి. నా దగ్గర చదివినవాళ్లలో ఒక్కరైనా అది నేర్చుకుని అక్కడే ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.