పదిహేడేళ్ల తర్వాత మళ్లీ ఓ ఫైనల్

చెన్నైలో రైలు దిగిన పది నిమిషాలకే కుర్తా వీపుకు అంటుకుపోయింది. 2022 సెప్టెంబర్ 18, ఆదివారం. ఇంత ఉక్కలో మనమే నడవలేకపోతున్నాం, ఫైనల్ ఆడే అమ్మాయిలు మూడు సెట్లు ఎలా ఆడతారో అనుకుంటూ అక్కా నేనూ సాయంత్రం నుంగంబాక్కం టెన్నిస్ స్టేడియానికి బయల్దేరాం.

ఇద్దరం కలిసి చివరిసారి చూసిన ఫైనల్ హైదరాబాద్‌లో, 2005 ఫిబ్రవరి 12న. సానియా మీర్జా 6-4, 5-7, 6-3తో అల్యోనా బొండరెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైన రోజు. అప్పుడు అరిచి అరిచి నా గొంతు పోయింది. రెండు రోజులు మాటే రాలేదు. ఆ సంగతి అక్క దారంతా చెబుతూనే ఉంది.

2008లో బెంగళూరు తర్వాత మన దేశంలో ఈ స్థాయి మహిళల టూర్ టోర్నీ జరగలేదు. పద్నాలుగేళ్లకు చెన్నై ఓపెన్ రూపంలో వచ్చింది. 32 మంది సింగిల్స్ డ్రా. గెలిచినవాళ్లకు 280 ర్యాంకింగ్ పాయింట్లు. టాప్ సీడ్, అంటే ర్యాంకును బట్టి టోర్నీలో మొదటి స్థానం ఇచ్చిన క్రీడాకారిణి, అలిసన్ రిస్క్ అమృత్‌రాజ్. చెన్నై అమృత్‌రాజ్‌ల ఇంటి కోడలు, అంటే ఊరివాళ్లకూ కోడలు వరస కాబట్టి ఆమె మీద అందరికీ ఆశ. పాపం, మొదటి రౌండ్లోనే ఓడిపోయింది. మన కర్మన్ కౌర్ థండి మొదటి రౌండ్ గెలిచి, రెండో రౌండ్లో కెనడా అమ్మాయి బౌచార్డ్ చేతిలో ఓడింది. కాబట్టి ఫైనల్ రోజున చప్పట్లు కొట్టడానికి మనవాళ్లెవరూ లేరు. జనం మాత్రం బాగానే వచ్చారు.

మాకు దొరికిన సీట్లు కోర్టుకు ఒక కొసన, బేస్‌లైన్ వెనక, బాగా కింద. గేటు తెలియక స్టేడియం చుట్టూ ఒక చుట్టు తిరిగి లోపలికి వచ్చాక, ఇంత దూరం వచ్చి మూల సీట్లా అని అక్క సణిగింది. ఆట మొదలయ్యాక ఆ సణుగుడు ఆగిపోయింది. టీవీలో కెమెరా ఎత్తులో ఉంటుంది కదా, బంతి అటూ ఇటూ నింపాదిగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కింద కూర్చుంటేనే అసలు సంగతి తెలిసింది. నెట్ మీదుగా ఎంత ఎత్తులో వస్తోందో, పడ్డాక ఎలా ఎగిరి మీదికి దూకుతోందో! మొదటి సర్వ్ తప్పితే కాస్త నెమ్మదిగా వేసే రెండో సర్వ్ అనగానే రిటర్న్ చేసే అమ్మాయి రెండడుగులు ముందుకు జరుగుతుంది. అది చూసి సర్వ్ చేసేవాళ్లకు ఎంత టెన్షనో వాళ్ల భుజాల్లోనే కనిపించేది. కొత్త బంతులు తీసుకున్నప్పుడు చప్పుడు కూడా మారుతుంది. మొదట ఏడు గేములకు, ఆ తర్వాత తొమ్మిదేసి గేములకు మారుస్తారు. నేను గమనించానో లేదోనని అక్క ప్రతిసారీ మోచేత్తో పొడిచేది.

ఒకవైపు పోలండ్‌కు చెందిన మాగ్దా లినెట్, ముప్పై ఏళ్లు. ఇంకోవైపు చెక్ అమ్మాయి లిండా ఫ్రుహ్విర్తోవా, సీడింగ్ కూడా లేదు. అక్క లినెట్ పక్షం. “ఎన్నేళ్లుగా ఆడుతోందే ఆమె, రెండే టైటిళ్లు. ఈ పిల్లకేం, బోలెడు టైముంది” అని. నేను ఊరికే పోటీకి పిల్ల పక్షం చేరాను. లిండా చెల్లెలు బ్రెండా కూడా టెన్నిస్ ప్లేయరేనని చెబితే, “అయితే అక్క అన్నమాట. సరే, సగం మద్దతు ఇస్తా” అంది.

మొదటి సెట్ లినెట్ 6-4. రెండోది లిండా 6-3. సెట్ల మధ్య విరామంలో ఫోన్‌లో లిండా వివరాలు చూస్తుంటే పుట్టినరోజు కనబడింది. 2005 మే 1. సానియా ఫైనల్‌కు రెండున్నర నెలల తర్వాత! ఫోన్ అక్క ముందు పెట్టాను. చూసి, కోర్టు వైపు చూసి, “మనమేమో ముసలాళ్లమైపోయాం” అని మళ్లీ లినెట్‌కు చప్పట్లు కొట్టింది.

మూడో సెట్లో లినెట్ 4-1తో ముందుకెళ్లింది. “ఇక అయిపోయింది, రైలు ఏ ప్లాట్‌ఫామ్ మీదికొస్తుందో చూడు” అంది అక్క. నేను నిజంగానే చూడ్డం మొదలుపెట్టాను. తలెత్తేసరికి 4-2. ఆ పిల్ల కొత్తగా చేసిందేమీ లేదు, తప్పులు మానేసింది. బంతి వచ్చిన ప్రతిసారీ లైను దగ్గరికి ఇంకో బంతి, ఇంకో బంతి. లినెట్ కాళ్లు బరువెక్కాయి. మొదటి సెట్లో గీత లోపలే ఉండి కొట్టిన షాట్లను ఇప్పుడు రెండు గజాలు వెనక్కెళ్లి కొడుతోంది. 4-3, 4-4, ఆపై లిండా 5-4. అక్క లేచి నిలబడి “మాగ్దా, మాగ్దా” అని అరుస్తోంది. ముందు వరసలో ఓ పెద్దాయన వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. వరసగా అయిదు గేములు, 6-4. లిండాకు మొదటి టైటిల్ అది.

నాలుగు నెలల తర్వాత లినెట్ ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్‌కు చేరినప్పుడు అక్క పొద్దున్నే ఫోన్ చేసి “చూశావా” అంది, తనే కోచింగ్ ఇచ్చినట్టు.

ఆ రాత్రి మాత్రం ట్రోఫీ ఇవ్వడం పూర్తిగా చూడకుండానే స్టేషన్‌కు పరుగెత్తాం. బండి కదిలాక టీసీ వచ్చి అక్కను పేరు అడిగాడు. నోరు తెరిచింది, మాట రాలేదు. పేరు నేనే చెప్పాను.