ఇంట్లోనే ల్యాబ్ టెక్నీషియన్, నా హిమోగ్లోబిన్ 7.4

ఐదో నెలలో పచ్చి బియ్యం మీదికి మనసు పోయింది. చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. కడుపుతో ఉన్నోళ్లకు ఇట్లాంటివి మామూలేనని మా అత్తమ్మా అనింది, నేనూ అనుకున్నా. బియ్యం, బలపం, మట్టి, ఐసుగడ్డ తినాలనిపిస్తోందంటే ఒంట్లో ఇనుము తగ్గిందేమో చూపించుకోవాలని అప్పుడు తెలీదు. ఆరో నెల దాటినాక మిద్దె మెట్లు పన్నెండు ఎక్కితే గుండెదడ. పడుకుంటే చెవుల్లో హోరు.

మా ఆయన అనంతపురం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. కళ్లె పరీక్షలు కూడా చేస్తాడు కాబట్టి ఇంటికొస్తూనే బయటి బాత్రూములో స్నానం చేసి, బట్టలు మార్చుకునే లోపలికి వచ్చేవాడు. ఆ జాగ్రత్తలో ఏ లోపమూ లేదు. లోపం ఇంకోచోట ఉంది. ఆశా కార్యకర్త మా వీధికి వచ్చినా "సారు ఉండాడు కదక్కా, నీకేం" అని పక్కింటికి పోయేది. ప్రతి నెలా 9న గర్భిణులను డాక్టరు చూసే సురక్షిత మాతృత్వ అభియాన్‌కు నేనూ పోలేదు. రక్తం ఆయనే ఇంట్లో రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ 10 పైనే వచ్చింది. తల్లీబిడ్డ కార్డులో ఆ గడి మాత్రం ఖాళీ.

ఆయన చూసింది సాహ్లీ గొట్టంతో, అంటే రంగు పోల్చి హిమోగ్లోబిన్ చెప్పే పాత పద్ధతిలో. అందులో కొంచెం పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వేలు పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, 20 మైక్రోలీటర్ల రక్తం పిప్పెట్‌తో తీసి కలుపుతారు. పది నిమిషాలు ఆగాలి. ఆగకపోతే రంగు పూర్తిగా రాదు, అంకె తక్కువ పడుతుంది. వేలు గట్టిగా పిండితే రక్తంలో నీరు కలిసి అప్పుడూ తక్కువే వస్తుంది. పిప్పెట్ బయట అంటిన రక్తం తుడవకపోతే ఎక్కువ చూపిస్తుంది. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా వేస్తూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో సరిపోయేదాకా పోల్చాలి. నీళ్లు ఎన్ని ఎక్కువ పడితే అంకె అంత పైకి పోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది కన్నే. సొంత భార్య రక్తం ట్యూబ్‌లైటు కింద పెట్టి చూస్తుంటే ఇంకో రెండు చుక్కలు వేయాలనే అనిపిస్తుంది. ఆయన పనిలో గట్టివాడు. అయినా ఇంట్లోవాళ్ల రక్తం ఇంకొకరు చూడాల్సిందేనని నా గట్టి నమ్మకం.

28వ వారంలో ఏఎన్ఎం నా కింది రెప్ప లాగి చూసి "ఏందమ్మా, సున్నం కొట్టినట్టుంది" అని ఆసుపత్రికి పంపింది. సెల్ కౌంటర్ మెషిన్‌లో హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 అయినా ఉండాలి, 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత.

ఎర్ర మాత్ర మానింది లేదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర అది. వేసుకున్న తీరే తప్పు. మధ్యాహ్నం రాగిసంగటి తిని, ఎర్ర మాత్ర, కాల్షియం మాత్ర కలిపి మింగి, వెంటనే టీ తాగేదాన్ని. కాల్షియం, టీలోని వగరు, రాగుల్లోని ఫైటేట్లు, మూడూ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం పొద్దున, మధ్యాహ్నం అన్నంతో వేసుకోవాలి. ఎర్ర మాత్ర రాత్రి తిన్న రెండు గంటలకు నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి మాత్ర ఆపొద్దు.

అప్పటికి మాత్రలతో ఎక్కే టైము లేదని డాక్టరు నరంలోకి ఎక్కించే ఇనుము మందు ఐరన్ సుక్రోజ్ రాసింది. లెక్క ఇట్లా వేస్తారు: గర్భానికి ముందున్న బరువును, పెరగాల్సిన హిమోగ్లోబిన్‌ను, 2.4ను గుణించి, నిల్వ కోసం 500 కలపాలి. నాకు 48 × 3.6 × 2.4 + 500, అంటే 915 మిల్లీగ్రాములు దాకా. 200 చొప్పున, రోజు విడిచి రోజు, ఐదు డోసులు. ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి అరగంట ఎక్కించారు. ముందూ మధ్యలో బీపీ చూశారు, అయిపోయినాక ఇంకో అరగంట కదలనీలేదు. ఆ రోజుల్లో ఎర్ర మాత్ర ఆపి, ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చారు. రెండో డోసులో సూది పక్కకు జరిగి మణికట్టు భగ్గుమంది. వెంటనే చెప్పి ఆపించుకున్నా, అయినా రూపాయి బిళ్లంత గోధుమ మచ్చ నెలల తరబడి పోలేదు. మంటపుడితే ఓర్చుకోవద్దు. నోట్లో ఇనుము రుచి వస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు, అది పోతుంది.

పది రోజులకు బియ్యం మీద మనసు పోవడం మానింది. అన్నిటికంటే ముందు తగ్గింది అదే. నాలుగు వారాలకు 9.7, 37వ వారానికి 10.9. కాన్పు నాటికి రెండు యూనిట్ల రక్తం రెడీగా పెట్టారు, వాడాల్సిన పని పడలేదు. బిడ్డ పుట్టగానే రక్తం ఎక్కువ పోకుండా నాకు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 యూనిట్లు కండకు వేశారు. బొడ్డుతాడు వెంటనే కోయకుండా నిమిషానికి పైగా ఆగారు, బిడ్డకు దాంతో ఇనుము నిల్వ ఇంకొంత అందుతుంది.

కాన్పు అయినాక కూడా ఎర్ర మాత్రలు 180 రోజులు వేసుకోవాలి. మధ్యలో రక్తం చూపించడానికి వేరే ల్యాబ్‌కు పోయినాం. మా ఆయన బిడ్డనెత్తుకుని వరండాలో నిలబడ్డాడు. 11.2 వచ్చింది, కార్డులో రాయించుకుని వచ్చినాం.