గోడ మీది వెలుగు

"ఇంకా గోడ వెలిగిపోతా ఉందన్నా," అన్నాడు కెమెరా దగ్గర్నుంచి తమ్ముడు.

కొత్తపట్నంలో పాత ఇల్లు, సున్నం కొట్టిన గోడలు. రాత్రి సీను. చాప మీద తల్లీ కొడుకూ అన్నం తింటున్నారు. పైన కాగితపు లాంతరు, మేం చైనా బాల్ అంటాం. ముఖాల మీద ఎంత మెత్తగా పడుతుందో గోడల మీదా అంతే. గుండ్రటిది కదా, ఏ వైపునూ వదలదు.

నల్లగుడ్డను పావడాలా చుట్టూ కట్టి కింద తెరిచి ఉంచాం. వేడి పోయేందుకు పైన కాస్త ఖాళీ. బల్బు ఎల్ఈడీనే, అయినా కాగితం కదా, భయం. సగం పనే అయింది.

అప్పుడు లైట్‌మన్ అన్న ఏమీ మాట్లాడకుండా తాడు వదిలి, లాంతరును ఫ్రేము అంచుదాకా దించాడు. ముఖాలకు దూరం సగమైతే వాటి మీద వెలుగు దాదాపు 4 రెట్లు. ఆ మేరకు డిమ్మర్ తగ్గించాం. ముఖాలు అలాగే ఉన్నాయి, గోడ మాత్రం చీకట్లోకి జారిపోయింది. వెలుగును అడ్డుకునే కట్టర్లు ఎన్ని పెట్టినా ఇంత అందంగా వచ్చేది కాదు.

మానిటర్‌లో ఆ తల్లిని చూస్తూ ఉండిపోయాను. గోడ తెల్లగా ఉన్నంతసేపూ ఆమె కళ్ల కింది అలసట మాకెవరికీ కనిపించలేదు.