యాహిద్నె బడి కింద

ఉక్రెయిన్ రాజధాని కీవ్ నుంచి ఉత్తరాన ఉన్న చెర్నిహివ్ నగరం దాదాపు 140 కిలోమీటర్లు. ఇంకో పదిహేను కిలోమీటర్లలో చెర్నిహివ్ వస్తుందనగా, రెండింటినీ కలిపే హైవే పక్కనే యాహిద్నె అనే ఊరు. 2022లో రష్యా సైన్యం ఊరివాళ్లను బంధించిన బడి నేలమాళిగ చూడటానికే అక్కడికి వెళ్లాం. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్‌కి ప్రయాణికుల విమానాలు లేవు కాబట్టి పోలండ్‌లోని ప్షెమిషల్ దాకా వెళ్లి కీవ్ రైలెక్కాం. కీవ్‌లో 'మర్ష్రుత్కా' అనే చిన్న బస్సు పట్టుకున్నాం. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి ఊరి పేరు చెప్పుకోవాలి. ఫోన్లో మ్యాపును నమ్ముకుంటే కష్టం. డ్రోన్లను దారి తప్పించడానికి జీపీఎస్‌ని జామ్ చేసినప్పుడు మనమున్న చోటు ఎక్కడెక్కడో చూపిస్తుంది. రాత్రి కర్ఫ్యూ ఉంటుంది, తిరుగు ప్రయాణం మధ్యాహ్నానికే చూసుకోవాలి. చెక్‌పోస్టుల్లో పాస్‌పోర్టు చేతిలో, ఫోను జేబులో ఉండాలి. సైనికుల్ని ఫొటో తీయకూడదు.

'యాహొదా' అంటే అడవిలో ఏరుకునే చిన్న పళ్లు. ఊరి పేరు అందులోంచే వచ్చింది. పళ్లకీ పుట్టగొడుగులకీ అడవికి పోవడం అక్కడ తాతల నాటి అలవాటు. యుద్ధం వచ్చాక మాత్రం తారురోడ్డు దిగాలంటే ఆలోచించాలి. మందుపాతరలున్నాయని హెచ్చరించే, పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు కనిపించలేదు కదా అని ధైర్యం చేయొద్దు. చలికి నేల గడ్డకట్టి, మళ్లీ కరిగేటప్పుడు మట్టి కదిలి, పాతిన మందుపాతర పైకి తేలొచ్చు. నిరుడు నడిచిన బాటే కదా అనుకోవడం అందుకే పొరపాటు. అనుమానంగా ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి అక్కడి అత్యవసర నంబరు 101కి ఫోన్ చేయాలి.

ఇక బడి. 2022 మార్చి 3న రష్యా సైన్యం ఊళ్లోకి వచ్చి, బడిని తన స్థావరం చేసుకుని, ఊరివాళ్లను దాని నేలమాళిగలోకి తోసింది. 350 మందికి పైగా జనం, సుమారు 200 చదరపు మీటర్ల చోటు. లెక్క వేస్తే మనిషికి అర చదరపు మీటరు కొంచెం పైన. పడుకోవడం కాదు, కాళ్లు చాపడానికే వీల్లేదు. రోజుల తరబడి కూర్చునే నిద్రపోతే కాళ్లు వాచిపోయాయి. బకెట్లే మరుగుదొడ్లు. తలుపు మూస్తే విడిచిన ఊపిరే మళ్లీ పీల్చాలి. ఆ చెమ్మ గోడల మీద నీరై కారేది. ముందు ముసలివాళ్లు సొమ్మసిల్లారు, మాటలు తడబడ్డాయి, తర్వాత ప్రాణాలు పోయాయి. శవాన్ని బయటికి తీయడానికీ సైనికుల అనుమతి కావాలి. అప్పటిదాకా పక్కనే బతికున్నవాళ్లు, పసిపిల్లలతో సహా.

ఇది మార్చి 30 దాకా సాగింది. తలుపు మీద ఊరివాళ్లే బొగ్గుతో క్యాలెండర్ రాసుకున్నారు. దానికి ఒక పక్క సైనికులు చంపినవాళ్ల పేర్లు, ఇంకో పక్క లోపలే చనిపోయినవాళ్ల పేర్లు. 31 అంకె దగ్గర 'మనవాళ్లు వచ్చారు' అని ఉంటుంది, అంటే ఉక్రెయిన్ సైన్యం. వేరే గోడల మీద పిల్లలు గీసిన బొమ్మలు.

చూడాలనుకునేవాళ్లు ముందుగా ఊరివాళ్లను అడిగి, వాళ్లతోనే దిగాలి. టార్చి తప్పనిసరి. లోపల ఎవరెలా చనిపోయారని తరచి అడగొద్దు, చెబితే వినాలి. వీపున సంచి ఉంటే పైనే విప్పేయండి. దారి ఇరుకు, రాసింది బొగ్గుతో. ఒక్కసారి సంచి రాసుకుంటే ఒక పేరు చెరిగిపోతుంది.